చదవగలిగే సంతకమే అభిమానికి గౌరవం

చేతిరాత బాగుంటే తలరాత బాగుపడుతుందని బడిలో సార్లు చెబుతుంటారు. అక్షరం అర్థం కాకపోతే పరీక్షలో మార్కులు కూడా తగ్గిస్తారు. కానీ మనిషి పెద్దవాడై పేరు తెచ్చుకున్నాక మాత్రం, అక్షరం అర్థం కాకపోవడమే గొప్పతనం అన్నట్టు చూస్తాం. డాక్టర్ల మందుచీటీ, ఆఫీసర్ల సంతకం, ఆటగాళ్ల ఆటోగ్రాఫ్ ఇందుకు మంచి ఉదాహరణలు. మొదటి రెండింటి సంగతి అలా ఉంచి, ఆటోగ్రాఫ్ గురించి హాస్టల్ మిత్రులతో నాలుగు మాటలు పంచుకోవాలనుకుంటున్నాను.

ఆటోగ్రాఫ్ అంటే ఏమిటి? బ్యాంకులో పెట్టే సంతకం డబ్బు కోసం. ఆఫీసులో పెట్టేది ఫైలు కదలడం కోసం. ఆటోగ్రాఫ్ మాత్రం పూర్తిగా ఎదుటి మనిషి కోసం. ఫలానా రోజు ఫలానా క్రీడాకారుడు నా ముందు నిలబడి నా కోసం తన పేరు రాశాడు అని చెప్పే గుర్తు అది. ఆ పేరే చదవడానికి రాకపోతే అది ఎవరి గుర్తు? కోడి గీకిన గీతకూ దానికీ తేడా ఏముంది?

ఇది చిన్న విషయమే కదా, దీనికి ఇంత వ్యాసం ఎందుకని కొందరు అనుకోవచ్చు. మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని జిల్లాలకంటే అదే తక్కువ. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక అవే లెక్కలను విడదీసి చూస్తే జోగులాంబ గద్వాల 49.87 శాతంతో తెలంగాణలో అట్టడుగున నిలిచింది. అంటే ఆ లెక్కల ప్రకారం దాదాపు సగం మందికి చదవడం, రాయడం రాదన్నమాట. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి బొంబాయికి, పూణేకి వలస పోయిన మనవాళ్లను అక్కడ "పాలమూరు లేబర్" అన్నారే గానీ ఎల్లయ్య అనో బాలమ్మ అనో ఎంతమంది పిలిచారు? మా నాయనది ఇప్పటికీ వేలిముద్రే. మా అమ్మ పొదుపు సంఘంలో చేరాక సంతకం నేర్చుకుంది. ఆమె సంతకంలో ఒక అక్షరం ఇంకో అక్షరంతో కలవదు. దేనికది నిలబడి ఉంటుంది. అట్లాంటి ఇండ్ల నుంచి వచ్చిన పిల్లలం మనం. పేరు రాయడం మనకు అలవాటుగా వచ్చింది కాదు, కష్టపడి సంపాదించుకున్నది.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక టోర్నమెంటుకు పేరున్న క్రీడాకారుడు ముఖ్య అతిథిగా వచ్చాడు. హాస్టల్ పిల్లలు గంటకు పైగా ఎండలో నిలబడ్డారు. ఆయన సెల్‌ఫోన్లో మాట్లాడుతూనే, ఎవరి ముఖమూ చూడకుండా, నోటుబుక్కుల మీద ఒక గీత గీసి రెండు సున్నాలు చుట్టి ఇచ్చాడు. ఆ రాత్రి ఆరో తరగతి తమ్ముడొకడు ఆ పేజీ పట్టుకొచ్చి, "అన్నా, ఇది ఏ అక్షరం?" అని అడిగాడు. డార్మిటరీలో ఉన్న వాళ్లందరం చూశాం. ఎవరమూ చెప్పలేకపోయాం. ఆ పిల్లవాడికి ఆయన మీద కోపం రాలేదు. తనకే ఇంగ్లిష్ రాదనుకుని సిగ్గుపడ్డాడు. నాకు బాధ కలిగించింది అదే.

గొప్పవాళ్లంతా ఇలాగే ఉంటారా? లేరు. అమెరికాలో హార్మన్ కిల్లబ్రూ అనే బేస్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. 573 హోమ్‌రన్లు కొట్టినవాడు. ఆయన సంతకంలో ప్రతి అక్షరం స్పష్టంగా చదవవచ్చు. తర్వాతి తరం ఆటగాళ్లు గీతలు గీస్తుంటే దగ్గర కూర్చోబెట్టుకుని, పేరు తెలిసేలా రాయమని మందలించేవాడు. టోరీ హంటర్, మైకేల్ కడయర్ వంటి ఆటగాళ్లు ఆ పాఠాన్ని ఆయన దగ్గరే నేర్చుకున్నామని చెప్పుకున్నారు. కిల్లబ్రూ 2011లో చనిపోయినప్పుడు ఆయన కొట్టిన బంతులతో పాటు ఆయన సంతకాన్నీ తలచుకున్నారు. మనందరికీ తెలిసిన బ్రాడ్‌మన్ సగటు 99.94. ఆట మానేసి ఎన్నో ఏళ్లయినా, 2001లో చనిపోయే ముందు వృద్ధాప్యంలో కూడా, అడిలైడ్‌లోని తన ఇంట్లో కూర్చుని అభిమానుల ఉత్తరాలకు జవాబులు రాసేవాడు. వీళ్లకు తీరిక ఎక్కువై రాశారా? ఎదుటివాడికి విలువ ఇచ్చారు కాబట్టి రాశారు.

క్రీడాకారుల వైపు నుంచీ ఆలోచించాలి. ఉప్పల్ స్టేడియం బయట వందలమంది మీద పడితే ఎవరి చెయ్యి మాత్రం నిలుస్తుంది? ఉచితంగా తీసుకుని అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. బ్యాంకు సంతకం బయట పెడితే మోసం జరుగుతుందనే భయమూ న్యాయమే. దానికి ఉపాయం ఉంది. బ్యాంకుకు ఒక సంతకం, అభిమానికి మరొకటి ఉంచుకోవచ్చు. వందమందికి గీతలు గీసే బదులు పదిమందికి పేరు రాసి, మిగతావాళ్లకు నవ్వుతూ నమస్కారం పెట్టినా చాలు. తెలుగువాళ్లయితే తెలుగులోనే రాయవచ్చు. మన ఊళ్లో చిన్న పిల్లవాడు కూడా కూడబలుక్కుని చదువుతాడు. "నీ పేరేంది?" అని అడిగి ఆ పేరు కూడా పైన రాస్తే ఆ కాగితం వాడి జీవితాంతం ఉంటుంది.

మర్యాద మన వైపు నుంచి కూడా ఉండాలి. ఓడిపోయి వస్తున్నవాళ్లను ఆపకూడదు. అన్నం తింటుంటే మీద పడకూడదు. ఆడపిల్లలైన క్రీడాకారిణులను చుట్టుముట్టి సెల్ఫీల కోసం తోసుకోవడం అభిమానం కాదు, అసభ్యత.

పిలిచే పేరులో ఎంత ఉందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తిని చిన్నప్పుడు ఊళ్లో ఎగతాళి చేసేవారని ఆమె తల్లిదండ్రులే చెప్పారు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచాక ఆ ఊరికి ఆ పేరే గర్వకారణమైంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇదంతా ఎవరో పెద్ద ఆటగాళ్ల గురించే అనుకోవద్దు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో 5,712 పాయింట్లతో కాంస్యం తెచ్చిన అగసర నందిని కూడా మన గురుకులంలో చదివిన అమ్మాయే. కాబట్టి రేపు నోటుబుక్కు మీ ముందుకూ వస్తుంది. ఆటలోనే కాదు, ఉద్యోగం వచ్చినా వస్తుంది. అర్జీ పట్టుకుని ఒక ముసలవ్వ మీ టేబుల్ ముందు నిలబడుతుంది. అప్పుడు తల ఎత్తి ఆమె ముఖం చూడండి, పేరు అడగండి, మీ పేరు ఆమె మనవరాలు చదవగలిగేలా రాయండి.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు విజిటర్స్ బుక్కులో ఉట్టి సంతకం పెట్టి వెళ్లకండి. పూర్తి పేరు, ఊరు, చదివిన సంవత్సరం, ఇప్పుడు చేస్తున్న పని తెలుగులో విడివిడిగా రాయండి. ఆ పుస్తకం తిరగేసే ఆరో తరగతి పిల్లవాడికి మనం ఎవరమో తెలియాలి.