పన్నెండు నిమిషాలలో ఎంత చెప్పవచ్చు?

అమెరికన్ ఫిజికల్ సొసైటీ వారి మార్చి సభలలో మామూలు వక్తకు చాలా ఏళ్ళుగా ఇస్తూ వచ్చిన వ్యవధి 12 నిమిషాలు. అందులో మాట్లాడటానికి 10, ప్రశ్నలకు 2. మొదటిసారి పేపరు చదవబోయే మన విద్యార్థులు కొందరు ఈ పన్నెండూ తమవేననుకుని తయారవుతారు. చిక్కంతా అక్కడే.

మన ఊళ్ళ సభల్లో వక్త "ఇంతటితో విరమిస్తున్నాను" అన్నాక మరో పావుగంట మాట్లాడినా ఎవరూ ఏమీ అనుకోరు. అధ్యక్షులవారు చీటీ పంపితే మడిచి జేబులో వేసుకుంటారు. ఇక్కడ అలా కుదరదు. మీరు మింగిన నిమిషం తర్వాతి వక్తది, లేదా ప్రశ్న అడగబోయే పెద్దమనిషిది. వచ్చే ఏడాది ఉద్యోగం ఇవ్వగలవాడు ఆయనే కావచ్చును సుమా!

1987 మార్చి 18న న్యూయార్క్ హిల్టన్ హోటల్లో ఈ సొసైటీవారే జరిపిన సభ ఒకటుంది. అంతకుముందు ఊహించని ఉష్ణోగ్రతల్లో కూడా నిరోధం లేకుండా విద్యుత్తును పోనిచ్చే అతివాహకాలు అప్పుడే బయటపడ్డాయి. మాట్లాడినవారు 51 మంది. రాత్రి 7:30కి మొదలై తెల్లవారుజామున 3 దాటేదాకా సాగింది. చాలామందికి దక్కినవి ఐదేసి నిమిషాలే. ఆ విషయానికే బెడ్నార్జ్, ముల్లర్‌లకు ఆ ఏడు నోబెల్ బహుమతి వచ్చింది. నిమిషాలు తక్కువైనందుకు విషయం చిన్నదైపోలేదు.

నన్నడిగితే 10 నిమిషాలకు 8 నిమిషాల మాటలే సిద్ధం చేసుకోవాలి. అధ్యక్షుడు మన ఇంటిపేరు కూడబలుక్కుని చదవటానికీ, మైకు తగిలించుకోవటానికీ, బొమ్మ తెరమీదికి రావటానికీ కొంత పోతుంది. మనసులో చదువుకున్న లెక్క లెక్క కాదు. గడియారం ఎదురుగా పెట్టుకుని, నిలబడి, గొంతెత్తి చెప్పి చూడాలి. వేగం పెంచి సరిపెడదామనుకోకండి. మన యాస కొత్త చెవికి పట్టటానికి కాస్త వ్యవధి కావాలి. అందుకని మొదటి నిమిషం నిదానంగా నడపండి. ముఖ్యమైన సమీకరణం అప్పుడే పెట్టకండి.

ఏది తీసెయ్యాలి? ముందు వంశవృక్షం. ఎవరెవరు ఏయే ఏడు ఏం కనిపెట్టారో ఆ గదిలో కూర్చున్నవారికి తెలుసు. తర్వాత, ఆలస్యమైతే వదిలేయదగ్గ బొమ్మలు రెండు ముందుగానే గుర్తుపెట్టుకోండి. వాటిని మధ్యలో ఉంచండి, చివర కాదు. చివరి బొమ్మ మీ ఫలితానిదే కావాలి. ప్రశ్నలు నడిచినంతసేపూ తెరమీద కనిపించేది అదే.