ముందు భర్తకు పరీక్ష, తర్వాతే ఐయూఐ

తిరువూరు చుట్టుపక్కల ఊళ్లలో కృత్రిమ గర్భధారణ అంటే ముందు గుర్తొచ్చేది గేదె. ఎదకొచ్చిందని కబురు పెడితే గోపాలమిత్ర వచ్చి సూది వేసి వెళ్తాడు. అదే మనుషులకూ చేస్తారంటే పెద్దవాళ్లు ముఖం తిప్పుకుంటారు. ఎవరిదో తెచ్చి ఎక్కిస్తారేమోనని అనుమానం, నలుగురికీ తెలిస్తే ఏమంటారోనని బెంగ. ఆ అనుమానం చాలావరకు పొరపాటే. మనుషులకు చేసే ఈ పద్ధతిని ఐయూఐ అంటారు. ఇందులో ఎక్కువగా వాడేది భర్త వీర్యమే. దాన్ని ల్యాబ్‌లో శుభ్రం చేసి, చురుగ్గా కదిలే కణాలను వేరుచేసి, సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో గర్భాశయంలోకి పంపుతారు. కోత లేదు, మత్తు అక్కర్లేదు. కాసేపు పడుకుని లేచి ఇంటికి వెళ్లిపోవచ్చు.

అందుకే దీన్ని సమర్థించే డాక్టర్ల మాటను కొట్టిపారేయలేం. ల్యాబ్‌లో పిండాన్ని తయారుచేసే ఐవీఎఫ్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, ఒంటికి శ్రమా తక్కువే. రెండెకరాల మిరప మీద బతికే ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. పైగా ఆయుష్మాన్ భారత్ సంతాన చికిత్సలకు వర్తించదు. న్యూజిలాండ్‌లో కారణం తేలని సంతానలేమి ఉన్న 201 జంటల మీద చేసిన పరిశోధన 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మందులతో కలిపి మూడు విడతల దాకా ఐయూఐ చేసినవారిలో 31 శాతం మందికి బిడ్డలు పుట్టారు. చికిత్స లేకుండా ఎదురుచూసినవారిలో 9 శాతం మందికే ఆ భాగ్యం దక్కింది.

అయితే ఇలాంటి జంటలకే ఐయూఐని మామూలుగా సూచించొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లో చెప్పింది. మొత్తం రెండేళ్లు ప్రయత్నించి, అప్పటికీ కాకపోతే ఐవీఎఫ్‌కి వెళ్లమంది. ఆ మాటా తీసేయదగ్గది కాదు. ఒక్కో విడతకు గర్భం నిలిచే అవకాశం నూటికి పది, పదిహేను దగ్గరే ఉంటుంది. గర్భనాళాలు రెండూ మూసుకుపోయినా, వీర్యకణాల సంఖ్య మరీ పడిపోయినా ఎన్నిసార్లు చేసినా ఫలితం దాదాపు ఉండదు. ముప్పై అయిదు దాటిన స్త్రీకి ఇలా పోయే ఒక్కో నెలా తిరిగిరానిది.

తక్కువ ఖర్చన్న మాటనూ తిరువూరు నుంచి చూస్తే లెక్క మారుతుంది. మైలవరం మీదుగా విజయవాడకు డెబ్బై కిలోమీటర్ల దాకా ప్రయాణం. గుడ్డు ఉండే తిత్తి ఎంత పెరిగిందో చూడటానికి రెండు మూడు స్కాన్లు. అది పద్దెనిమిది, ఇరవై మిల్లీమీటర్లకు వచ్చాక గుడ్డు విడుదలకు సూది, ఆపై 36 గంటలకు అటూఇటూగా ఐయూఐ. ఆ రోజే పత్తి తీత ఉందన్నా, మిర్చి యార్డుకు లోడు వెళ్లాలన్నా వాయిదా కుదరదు. వీర్యం నమూనా గంటలోపు ల్యాబ్‌కు చేరాలి కాబట్టి ఇంట్లో పట్టి డబ్బాలో పంపడమూ కుదరదు. భర్త వెళ్లాల్సిందే. వెళ్లిన ప్రతిసారీ ఇద్దరి కూలీ పోతుంది. ఆసుపత్రి బిల్లులో ఆ అంకె ఉండదు.

నన్ను అన్నిటికంటే బాధించేది ఇంకొకటుంది. పెళ్లయిన ఆర్నెల్లకే "విశేషమేమైనా ఉందా?" అని అడిగేది కోడలినే. స్కాన్లు, హార్మోన్ పరీక్షలు, నొప్పెట్టే నాళాల ఎక్స్‌రే, అన్నీ ముందు ఆమెకే. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగంమందిలో లోపం పూర్తిగానో కొంతవరకో మగవాడి వైపు ఉంటుంది. వీర్య పరీక్షేమో చౌక, నొప్పి లేనిది. అది చేయించకుండా భార్యకు మందులు మొదలుపెట్టడం అన్యాయం. ఇద్దరికీ పరీక్షలయ్యాక, నాళాలు తెరుచుకుని ఉండి, ఆమె వయసు ముప్పై అయిదు లోపైతే మూడు విడతలు చూడటం సబబని నా అభిప్రాయం. నాలుగోదానికి ముందు ఆగి, దారి మార్చాలా అని డాక్టరును గట్టిగా అడగాలి.

దాత వీర్యం సంగతి వేరు. సంతాన చికిత్సలపై 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం అది నమోదైన బ్యాంకు నుంచే రావాలి, ఒక దాతది ఒక్క జంటకే ఇవ్వాలి, పుట్టిన బిడ్డ మీద దాతకు హక్కు ఉండదు. ఈ కట్టుబాట్లు ఎందుకో 2025లో సికింద్రాబాద్ సంతాన కేంద్రం కేసు చూసినవారికి చెప్పక్కర్లేదు. సరోగసీలో పుట్టిన సొంత బిడ్డేనని చేతికిచ్చిన పసివాడి డీఎన్‌ఏ ఆ దంపతులతో కలవలేదు. దాత వివరాలను మన చట్టం గోప్యంగా ఉంచమంటుంది. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ తర్వాత నమోదైన దాతల పేర్లు బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక తెలుసుకోవచ్చు. చిన్న ఊళ్లో ఆ గుట్టే భార్యాభర్తలకు రక్ష, నిజమే. కానీ తన ఒంట్లో ఏ జబ్బు ఎవరి నుంచి వచ్చిందో తెలుసుకునే దారి బిడ్డకు మూసేయడం నాకు సమ్మతం కాదు.

ఇక భార్య సమ్మతి సంగతి. మహాభారతంలో కోడళ్లకు సంతానం కోసం వ్యాసుణ్ని పిలిచింది అత్తగారు సత్యవతి. భయంతో కళ్లు మూసుకున్నది అంబిక. వంశం నిలవాలన్న ఒత్తిడి ఈనాటి ఇళ్లలోనూ తగ్గలేదు. దాత మాట వచ్చినప్పుడు అత్తమామలు, భర్త గదిలో లేకుండా డాక్టరు భార్యతో విడిగా, తెలుగులో మాట్లాడాలి. ఆ పది నిమిషాలు ఇవ్వని చోట ఆమె సంతకం పెట్టకూడదు.