టిక్కెట్టు కన్నా ముందు చిప్పు

పిల్లలకు అమెరికా వీసా వచ్చిందంటే మనం ఊరగాయలు సర్దడం, పొడులు కొట్టడం మొదలుపెడతాం. ఇంట్లో పెంచుకున్న కుక్క సంగతి ప్రయాణం వారం రోజులుందనగా గుర్తొస్తుంది. అప్పుడు గుర్తొచ్చి లాభం లేదమ్మా. దాని ఏర్పాట్లకు నెలలు పడతాయి.

కారణం రేబిస్. ఆ జబ్బు ఎక్కువున్న దేశాల జాబితాలో మన దేశం పేరుంది. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా నియమాలు గట్టివయ్యాయి. కుక్కకు ఆరు నెలలు నిండాల. చర్మం కింద బియ్యపుగింజంత మైక్రోచిప్పు పెట్టించాకే రేబిస్ టీకా వేయించాల. వరస తారుమారైతే ఆ టీకా లెక్కలోకి రాదు. టీకా వేసిన 30 రోజులకు రక్తం తీయించి, వాళ్ళు ఒప్పుకున్న ల్యాబుకు పంపాల. రక్తం తీసిన 28 రోజుల తర్వాతే అక్కడ దిగాల. ఆ పరీక్ష లేకుంటే అక్కడ 28 రోజుల క్వారంటైను, ఖర్చు మనదే. పరీక్ష ఉన్నా అన్ని విమానాశ్రయాల్లో దించనివ్వరు. దిగే చోట కుక్కను చూసే కేంద్రంలో ముందే బుక్ చేసుకోవాల. యూరప్ దేశాలకైతే రక్తం తీశాక మూడు నెలలు ఆగాల. అందుకే ఆరు నెలల ముందే పశువుల డాక్టరును కలవండి.

ఇక్కడి నుంచి పంపేందుకు కేంద్ర ప్రభుత్వ క్వారంటైను కార్యాలయం ఆరోగ్య పత్రం ఇస్తుంది. మన కార్వేటినగరం వైపు వాళ్ళకు హైదరాబాదు కన్నా చెన్నై ఆఫీసే దగ్గర.

విమానంలో పెట్టే పెట్టెను నెల ముందే ఇంటికి తెండి. అందులో కుక్క నిలబడి, చుట్టూ తిరిగి, పడుకోగలగాల. మీ పాత చీర పరిచి, రోజూ అన్నం అందులోనే పెడితే భయం పోతుంది. నిద్రమాత్రలు మాత్రం వద్దు, పైన ఊపిరి ఆడక ప్రమాదం. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలను చాలా విమానాల్లో ఎక్కించుకోరు.

ముసలిదైపోయిన కుక్కను అంత దూరం తిప్పకుండా ఇక్కడే ఉంచడం మేలనిపించవచ్చు. అయితే "అమ్మ ఉంది కదా" అని గొలుసు ఆమె చేతిలో పెట్టి వెళ్ళొద్దు. మోకాళ్ళ నొప్పులతో ఆమె దాన్ని రోజుకు రెండుసార్లు తిప్పగలదా? టీకాకు ఎవరు తీసుకుపోతారు? మీరు ఊరెళితే అన్నం ఎవరు పెడతారు? ఇవన్నీ ముందే కూర్చుని మాట్లాడుకోండి. మందుల ఖర్చు నెలనెలా పంపండి. ఏదీ కుదరకపోతే పెంచుకునే ఇల్లు వెతకండి, వీధిలో మాత్రం వదలొద్దు. మన చేతి ముద్ద తిని పెరిగిన ప్రాణి అది.