బొమ్మ అడవిలో విందు

పుట్టినరోజు వచ్చినచో ఇంట పాయసము వండుకొను ఆచారము నగరములలో క్రమముగా మాఱుచున్నది. హైదరాబాదులో ‘ప్లాట్‌ఫారం 65’ అను భోజనశాల కలదు. అందు చిన్న రైలుబండి పట్టాలమీద నడచివచ్చి వంటకములను బల్లల యొద్దకు చేర్చును. పల్లెటూరి వేషము వేసిన భోజనశాలలును, అడవి వేషము వేసినవియు దేశమున ననేకము గలవు. అడవి యనగా సిమెంటు మ్రాకులు, ప్లాస్టికు ఆకులు, యంత్రమునుండి వెలువడు పక్షికూతలు! పిల్లలు కేరింతలు కొట్టుదురు. వారి సంతోషమును తప్పుపట్టుట తగదు.

కాని ఖమ్మము ప్రాంతపు కుటుంబములు బొమ్మ అడవికై నగరమునకు పోవుట వింతయే. పాల్వంచ సమీపమున కిన్నెరసాని జలాశయము, దానిచుట్టును అభయారణ్యము ఉన్నవి. బొమ్మలే కావలెనన్నచో భద్రాచలమునకు ఎగువన పర్ణశాలలో రామాయణ ఘట్టములే బొమ్మలై నిలిచియున్నవి.

కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను జరుపు వనభోజనము తెలుగువారికి క్రొత్త కాదు. అందు ఒకరు పుల్లలేరుదురు, ఒకరు నీరు తెత్తురు, పిల్లలు విస్తళ్లు పఱతురు. హోటలులో పప్పు మాడినచో వేఱొకటి తెచ్చి పెట్టుదురు. వనభోజనమున మాడినచో అందఱును మాడిన పప్పే తినవలెను. ఆ పప్పును తలచుకొని ఆ కుటుంబము పదియేండ్లు నవ్వుకొనును.

అయితే ఆ వంట ఎవరిది? హోటలు పక్షమువారి గట్టి ప్రశ్న యిది. ఇల్లాలు తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, మధ్యాహ్నము పొయ్యియొద్ద పొగలో కూర్చుండగా, మగవారు చెట్టుక్రింద పేకాడుట పలుచోట్ల కనబడు దృశ్యమే. అట్టి వనభోజనముకంటె బొమ్మరైలు విందే మేలు. అచట ఆమెయు ఒకపూట కూర్చుండి తినును. వనభోజనమును మెచ్చువారు ముందుగా పేకముక్కలను ఇంట విడిచి గరిటె చేతబట్టవలయును.

పాపికొండల విహారయాత్రికులు ‘బొంగు చికెను’ను ఆసక్తితో తిందురు. పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన మాంసమును కూరి, మూతికి ఆకులు క్రుక్కి, నిప్పులలో నుంతురు. వెదురులోని తడితోనే మాంసము ఉడుకును, నూనె అక్కఱలేదు. ఇది అడవి బిడ్డల నేర్పు. ఆ కూరను మెచ్చుచు, కోయవారిని మాత్రము ఛాయాచిత్రమునకు తగిన వింతగా చూచుట న్యాయము కాదు. వారికిని విందునకు నియమమున్నది: పండుగ చేయక మునుపు క్రొత్త మామిడికాయను నోట పెట్టరు.

నేడు వనభోజనములు ముగిసిన చోట ప్లాస్టికు పళ్లెములు, సీసాలు మిగులుచున్నవి. నిజమైన అడవికి బొమ్మ అడవి వేషము వేయుట యిదియే. అడ్డాకుల విస్తరి మట్టిలో కలియును. ఆ ఆకులను సేకరించుట గిరిజనులకు జీవనోపాధి. కార్తికపు ఆదివారమున బయలుదేరు కుటుంబము ఒక విస్తళ్లకట్టను కొనినచో, విందు ఖర్చులో కొంతయైన అడవివారికి ముట్టును.