ఎవరి కంచంలో నుంచి?

సాయంకాలం నాలుగున్నర గంటలకు మా విభాగం వారందరం గేటు బయటనున్న టీ బండి వద్దకు చేరడం ఏళ్ల తరబడిగా వస్తున్న ఆచారం. ఒక టీ, ఒక ప్లేటు మిరపకాయ బజ్జీ. కొలిమి దగ్గర ఎనిమిది గంటలు గడిపిన మనిషికి దీనిని విలాసమనడం న్యాయం కాదేమో గాని, అవసరమని వాదించడానికీ మాకు ధైర్యం చాలదు.

2022 నవంబరు చివరి వారంలో మా సీనియర్ టెక్నీషియన్ ఒకరు ఒక ప్రతిపాదన తెచ్చారు. వారు క్రైస్తవులు. క్రిస్మస్‌కు ముందు వచ్చే వారాలలో తమ ఇంట ప్రతివారూ ఏదో ఒక చిన్న ముచ్చటను మానుకొని, మిగిలిన పైకాన్ని ఇతరులకిస్తారట. "ఈ ఏడాది మన సెక్షనంతా కలిసి చేస్తే ఎలా ఉంటుంది సార్?" అన్నారు. పట్టణంలో ఒక చర్చి వారు నడుపుతున్న వృద్ధాశ్రమాన్ని ఆయనే సూచించారు. మతభేదం లేకుండా అందరం సరేనన్నాము.

ఇంజనీర్లము గనుక ముందుగా లెక్క కట్టాము. టీ 12 రూపాయలు, బజ్జీ 20. డిసెంబరు 1 నుంచి 24 వరకు ఆదివారాలు పోగా 21 పనిదినాలు. పద్నాలుగు మందిమి. మొత్తం 9,408 రూపాయలు. ఆ అంకెను నోటీసు బోర్డు మీద వ్రాసి, క్రింద ఒక ఖాళీ బిస్కెట్ డబ్బా పెట్టాము. చూసుకొని కొంత గర్వించాము కూడా.

ఇటువంటి త్యాగాలకు ముచ్చటైన చరిత్ర ఉన్నది. 1886లో లండన్‌లో సాల్వేషన్ ఆర్మీ సభ ఒకటి జరుగుతుండగా, జాన్ కార్ల్‌టన్ అనే మేజరు ఏడాది పొడుగునా భోజనానంతరం తినే పుడ్డింగు మానివేస్తే 50 షిల్లింగులు మిగులుతాయని, అది తన చందాగా వేసుకొమ్మని వ్రాసి ఇచ్చాడు. సంస్థాపకుడైన విలియం బూత్‌కు ఆ ఊహ నచ్చింది గాని ఏడాది గడువు నచ్చలేదు. అందరూ ఒక వారం పాటు ఏదో ఒకటి మానుకుంటే చాలునన్నాడు. ఆ 'స్వార్థత్యాగ వారం' అలా పుట్టింది. ఆ సంస్థ వారే 1891 క్రిస్మస్‌కు శాన్‌ఫ్రాన్సిస్కోలో పేదలకు భోజనం పెట్టడానికి పడవల రేవులో ఒక వంటపాత్రను వ్రేలాడదీసి, వచ్చే పోయేవారిని నాణేలు వేయమన్నారు. ఇప్పటికీ అనేక దేశాలలో డిసెంబరు వచ్చిందంటే ఆ ఎర్రని పాత్రలు వీధులలో కనిపిస్తాయి.

మా డబ్బా కథకు వద్దాము. నాలుగవ పనిదినాన, అంటే 5వ తేదీ సోమవారం సాయంత్రం, టీ బండి అతను గేటు దగ్గర మమ్ములను ఆపాడు. "ఏం సార్, టీ బాగుండటం లేదా? పాలు మార్చమంటారా?" అని అడిగాడు. మా కోసం తెచ్చిన పాలు రోజూ లీటరున్నరకు పైగా మిగిలిపోతున్నాయట. కోసిన మిరపకాయలు, కలిపిన పిండి సంగతి అతను చెప్పలేదు, మాకే తోచింది. ఎవరూ కారణం చెప్పకుండా వరుసగా మానేసేసరికి, తన చేతిలోనే ఏదో లోపమున్నదని అనుకున్నాడు.

మేము తిరిగి వచ్చి బోర్డు వైపు చూశాము. 9,408 అన్న అంకె మేమిచ్చే దానం అనుకున్నాము. అదే అంకె అతని గల్లాపెట్టెలో రాకుండా పోయే మొత్తమని పద్నాలుగు మందిలో ఒక్కరికీ స్ఫురించలేదు. ఒక గొట్టంలో ప్రవాహం తగ్గిస్తే మరొక చోట పీడనం మారుతుందని రోజూ చెప్పుకునేవాళ్లమే గదా!

ఇంటి వద్ద ఇంతకు మునుపే మాకొక చురక తగిలి ఉన్నది. ఉత్సాహం కొద్దీ మా శ్రీమతితో, రోజూ కొనే మల్లెపూల మూర కూడా ఈ నెల మానుదామన్నాము. "పూలు నావి. మానితే నేను మానాలి. మీరేం మానినట్టండీ?" అన్నది ఆమె. అప్పుడు నవ్వి ఊరుకున్నాము.

మరునాడు సమావేశమైనప్పుడు ఆ టెక్నీషియన్ తమ తల్లిగారి సంగతి చెప్పారు. ఆమె పుట్టిల్లు దోర్నకల్ ప్రాంతం. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన అజరయ్యగారి కాలంలో అక్కడి పల్లెలలో స్త్రీలు వంటకు బియ్యం కొలుచుకున్న ప్రతిసారీ పిడికెడు తీసి వేరే కుండలో వేసి, నిండిన తరువాత చర్చికి సమర్పించేవారు. ఈశాన్యాన మిజోరంలోనూ ఇదే ఆచారం వేళ్లూనుకొని సంఘానికి పెద్ద ఆదాయమైనది. మేము ఇంటికి వెళ్లి మా శ్రీమతి పిడికెడు బియ్యాన్ని తూచి చూశాము. 45 గ్రాములు. రెండు పూటలకు 90, నెలకు 2 కిలోల 700. ఇందులో మాకు నచ్చినది పరిమాణం కాదు. బియ్యం ఎసరు కోసం కొలిచిన తరువాతనే ఆ పిడికెడు తీస్తారు. తగ్గేది ఆ ఇంటివారి కంచంలో మాత్రమే. బియ్యం అమ్మినవాడికి రావలసినది వచ్చే ఉంటుంది.

దానితో టీ, బజ్జీలు మళ్లీ మొదలైనాయి. బండి అతనికి సంగతి చెప్పి క్షమాపణ అడిగాము. ఎవరి ముచ్చట వారు వెదుక్కున్నారు. ఇద్దరు సిగరెట్లు మానారు. పాన్ దుకాణదారుకు నష్టం కాదా అని ఒక కుర్ర ఇంజనీరు తర్కించాడు. పొగ విషయంలో అంత జాలి అక్కరలేదని సభ తీర్మానించింది. ఒకరు సినిమా, ఒకరు సెల్‌ఫోనులో నెలనెలా చందా కట్టే ఆటలు. మేము స్కూటరు మాని క్వార్టర్స్ నుంచి నడిచి వచ్చాము. పెట్రోలు మిగిలినది స్వల్పం, మోకాళ్లు మాత్రం ప్రతి పూటా లెక్క చెప్పేవి.

24న డబ్బా తెరిస్తే 6,170 రూపాయలు. ఆశ్రమం పెద్దమ్మగారిని కేకులు తేవాలా, దుప్పట్లు తేవాలా అని ముందే అడిగి ఉన్నాము. "రేపు కేకులు తినేవారు లేక పంచిపెట్టవలసి వస్తుందండీ. జనవరిలో మాత్రం ఎవరూ రారు" అన్నారామె. కావలసినవి మంచాన పడినవారికి డైపర్లు, మోకాళ్ల నొప్పులకు పూసే మందు. వాటిని జనవరి రెండవ వారంలో, ఆమె చెప్పిన దుకాణంలోనే కొని ఇచ్చాము. రసీదు నోటీసు బోర్డు మీద, 9,408 అన్న అంకెను తుడిచిన చోట అంటించాము. ఆ సాయంత్రం మాలో ఇద్దరు ఆలస్యంగా వెళ్లేసరికి బండి మీద బజ్జీలు అయిపోయి ఉన్నాయి.