పేరు చూచి వేసే మార్కులు

పుస్తక ముద్రణకు ధనసహాయం చేసే ఒక సంస్థవారికి (పేరెందుకు లెండి) వ్రాతప్రతుల ఎంపిక నిష్పక్షపాతంగా సాగే పద్ధతి చెప్పగల సలహాదారు కావాలట. గుణదలలో, మా ఇంటి అరుగు మీద కూర్చుని దరఖాస్తు పూరిస్తున్నాను. 'మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు ప్రముఖులు' అన్న గడి దగ్గర కలం ఆగింది. న్యాయం చెప్పవలసినవాణ్ణి కూడా సిఫార్సుతోనే ఎంచుతారా?

పదవ తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో ఎన్ని కట్టలు దిద్దానో! పొరుగు జిల్లా పత్రాలు. పేరు కనబడదు, కోడు సంఖ్యే. పదిహేనేళ్ళ పిల్లవాడికి దక్కిన ఆ మర్యాద అరవైయేళ్ళ కవికి దక్కరాదా?

స్వీడన్ వైద్య పరిశోధన మండలి ఫెలోషిప్పులను పరిశీలించి వెనెరాస్, వోల్డ్ అనే శాస్త్రవేత్తలు 1997లో 'నేచర్' పత్రికలో వ్రాశారు: పురుషులతో సమానంగా మార్కులు రావాలంటే స్త్రీకి రెండున్నర రెట్ల కృషి కావలసివచ్చిందనీ, పరీక్షకులతో పరిచయమున్నవారికి లాభం కలిగిందనీ. వైద్యశాస్త్రానికే ఆ గతి పడితే పద్యం మాటేమిటి?

పేరు దాచినా శైలి పట్టిస్తుందంటారు. పట్టిస్తుంది, నిజమే. అప్పుడా పరీక్షకుడు "ఇది నా శిష్యుడిది" అని చెప్పి తప్పుకోవాలి. తిరస్కరించిన ప్రతి వ్రాతప్రతికీ కారణం వ్రాసి పంపాలి.

ఈ మాటలే వ్రాసి, ప్రముఖుల గడి ఖాళీగా వదలి, పోస్టులో వేసి వచ్చాను.