మాఘంలో చూసిన కొట్టు

శ్రీకాకుళం పక్కన, సూర్యదేవుడి గుడి ఉన్న అరసవల్లిలో కొట్టు అమ్మాలనుకునేవాడికి రథసప్తమిని మించిన రోజు లేదు. దర్శనం వరసలు వీధుల్లోకి సాగుతాయి. కొబ్బరికాయల కొట్టు ముందు కాలు పెట్టే చోటుండదు. మాఘమాసం కనుక నేల పొడిగా ఉంటుంది. వానాకాలంలో ఇక్కడ నీళ్లు ఎంతవరకు వస్తాయని కొనేవాడికి అడగబుద్ధి కాదు.

చూడాల్సింది ఆశ్వయుజంలో. స్వామి పాదాలను సూర్యకిరణాలు తాకుతాయని అక్టోబరు మొదట్లో జనం వస్తారు. మనకు తుపాను భయం ముదిరేదీ అప్పుడే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న తీరం దాటాయి. ఇక్కడ చినుకు పడకపోయినా ఒడిశా కొండల్లో కురిస్తే చాలు, తోటపల్లి దాటి నాగావళి శ్రీకాకుళం మీదికి వస్తుంది. ఏరు నిండుగా ఉంటే ఊరి కాలువల నీరు అందులోకి దిగదు, ఎదురు తంతుంది. ఏటికి దూరంగా ఉన్న కొట్లనూ వదలదు.

అయినా ధర తగ్గదు. ఎందుకంటే గోడలు ఒకరివి, సరుకు ఇంకొకరిది. నీళ్లు తీశాక యజమాని గోడలు కడిగించుకుంటే మళ్లీ అద్దె మొదలు. తడిసిన పంచదార బస్తా, బట్టల మూట, కాలిపోయిన ఫ్రిజ్ మోటారు అద్దెకున్నవాడి ఖాతాలోకి పోతాయి. అడ్వాన్సు కట్టి, రాకులు బిగించుకున్నాక లేచిపోనూ లేడు. నన్నడిగితే ధర కన్నా మెట్లనే నమ్ముతాను. రోడ్డుకి మూడు మెట్లు పైన కట్టారంటే అంతకుముందు ఎవరో తడిశారన్నమాటే. (తర్వాత రోడ్డు మీద రోడ్డు వేసి ఆ మెట్లనీ మింగేస్తారు, అది వేరే గొడవ.)

రిజిస్ట్రేషన్ శాఖ 2025 ఫిబ్రవరి 1న కూడా మార్కెట్ విలువలు సవరించింది. ఆ పట్టికలో వీధి ఉంటుంది, ఇల్లా దుకాణమా అన్నది ఉంటుంది, నీటిమట్టానికి మాత్రం గడి లేదు. నీళ్లొచ్చాక మాత్రం సర్కారుకి లెక్క తప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు చిన్న కిరాణా కొట్టుకు 25 వేలు ప్రకటించారు. సరుకు విలువ ముందు అదెంత?

బీమా లేకపోలేదు. 5 కోట్ల లోపు ఆస్తులున్న చిన్న వ్యాపారాలకు 2021 నుంచి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' ఉంది, వరద నష్టం అందులోనే వస్తుంది. బ్యాంకు అప్పు లేనివాడికి ఆ మాట చెప్పేవాళ్లు అరుదు. ఇంగ్లండులోనూ 2016లో వరద బీమా భారం తగ్గించే 'ఫ్లడ్ రీ' తెచ్చి, దాన్ని ఇళ్లకే పరిమితం చేసి దుకాణాలను బయట నిలబెట్టారు.

మార్కెట్ విలువల పట్టికలో నీటిమట్టం గడి చేర్చమని రిజిస్ట్రేషన్ శాఖను అడగాల్సిందే. అందాకా అద్దె కాగితంలో రెండు వాక్యాలు రాయించుకోవచ్చు: గతంలో నీళ్లు ఎంతెత్తు వచ్చాయో ఒకటి, కొట్టు మునిగిన రోజులకు అద్దె లేదని ఒకటి. మొదటిది రాయనన్న యజమాని దగ్గర అడ్వాన్సు కట్టొద్దు.